ఇంగ్లీషు మాట్లాడదాం, 8వ పాఠం: ‘నియర్’ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

పోయిన పాఠంలో ‘ఎట్’ చూశాం. ఇంటిపనిగా ఇచ్చిన ‘నేను బస్టాండులో ఎదురుచూస్తున్నా’ అన్న వాక్యానికి ‘ఐ యామ్ వెయిటింగ్ ఎట్ ద బస్ స్టాండ్’ అని రాసుంటే మీది కరెక్ట్. ఈసారి ‘నియర్’. దీని అర్థం ‘దగ్గర’ అని చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే మన ‘దగ్గర’ చాలా పనులు చేస్తుంది, ‘నియర్’కి మాత్రం ఉన్న అసలు పని ఒక్కటే, దూరం తక్కువని చెప్పడం.

ముందు ఆ పని చూద్దాం. మక్కా మసీదు చార్మినార్ దగ్గర ఉంది: ‘మక్కా మసీద్ ఈజ్ నియర్ చార్మినార్.’ మంగళగిరి విజయవాడ దగ్గర ఉంది: ‘మంగళగిరి ఈజ్ నియర్ విజయవాడ.’ తెలుగులో ఊరి పేరు తర్వాత ‘దగ్గర’ వస్తుంది, ఇంగ్లీషులో పేరుకి ముందే ‘నియర్’ వచ్చేస్తుంది, మధ్యలో ఇంకేమీ అక్కర్లేదు. ‘మా ఇంటి నుంచి దగ్గరే’ అనే అలవాటుతో చాలామంది ‘నియర్ ఫ్రమ్ మై హౌస్’ అనేస్తారు. అది తప్పు, ‘నియర్ మై హౌస్’ చాలు. ‘ఫ్రమ్’ కావాలంటే ‘ఫార్’తో వాడండి: ‘నాట్ ఫార్ ఫ్రమ్ మై హౌస్.’ రెండు ఊళ్ళని పోల్చాలంటే ‘నియరర్ టు’: ‘గుంటూర్ ఈజ్ నియరర్ టు విజయవాడ దాన్ ఒంగోల్ ఈజ్.’

ఇప్పుడు అసలు సంగతి. ‘నా దగ్గర వంద రూపాయలున్నాయి’ అంటే ఆ డబ్బు మీది, లేదా మీ చేతిలో ఉంది. దూరం గొడవే లేదు. ‘హండ్రెడ్ రుపీస్ ఆర్ నియర్ మీ’ అంటే విన్నవాళ్ళకి నోటు ఎక్కడో మీ కాళ్ళ పక్కన పడి ఉందన్నట్టు వినిపిస్తుంది. ‘ఐ హావ్ ఎ హండ్రెడ్ రుపీస్’ అనండి. ‘డాక్టర్ దగ్గరికి వెళ్ళా’ అంటే ‘ఐ వెంట్ టు ద డాక్టర్.’ ‘లెక్కలు మావయ్య దగ్గర నేర్చుకున్నా’ అంటే ‘ఐ లర్న్డ్ మ్యాథ్స్ ఫ్రమ్ మై అంకుల్.’ ‘అమ్మమ్మ దగ్గర పెరిగా’ అంటే ‘ఐ గ్రూ అప్ విత్ మై గ్రాండ్‌మదర్.’ చూడండి, తెలుగులో అన్నిట్లో ‘దగ్గర’ ఉంది, ఇంగ్లీషులో ఒక్కదాంట్లోనూ ‘నియర్’ లేదు. ఇంటర్వ్యూలో మంచి చదువున్న పిల్లలు కూడా ‘మై సర్టిఫికెట్స్ ఆర్ నియర్ మై ఫాదర్’ అని ఆగిపోతుంటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే వాళ్ళకి ఇంగ్లీషు రాక కాదు, ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పక. కాబట్టి నోరు తెరిచే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడ అడుగుల్లోనో కిలోమీటర్లలోనో కొలిచే దూరం ఉందా? ఉంటేనే ‘నియర్’.

అప్పుడు కూడా ఒక చిక్కుంది. ఫోన్లో ‘బ్యాంకు దగ్గర ఉన్నా’ అంటాం. గుమ్మం ముందే నిలబడి అంటే ‘ఎట్ ద బ్యాంక్’, రెండు వీధుల అవతల ఉండి అంటే ‘నియర్ ద బ్యాంక్’. మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి ఈ తేడా చాలా ముఖ్యం.

‘నియర్‌బై’ కూడా వింటుంటారు. ‘దగ్గర్లో హోటల్ ఉందా?’ అంటే ‘ఈజ్ దేర్ ఎ హోటల్ నియర్‌బై?’ ‘ఎ నియర్‌బై హోటల్’ అన్నా బాగుంటుంది కానీ ‘ఎ నియర్ హోటల్’ అనరు. ‘నియర్‌బై ద స్కూల్’ అని మనవాళ్ళు తెగ వాడతారు, అందులో ‘బై’ తీసేయండి. ‘అన్నిటికన్నా దగ్గర’ అనాలంటే ‘నియరెస్ట్’. ‘వేర్ ఈజ్ ద నియరెస్ట్ మెడికల్ షాప్?’ అన్న వాక్యాన్ని మాత్రం బట్టీ పట్టేయండి, కొత్త ఊళ్ళో చాలా అవసరం పడుతుంది. ‘నియర్లీ’ దారి వేరు, దానికి చోటుతో సంబంధం లేదు: ‘ఐ నియర్లీ ఫెల్’ అంటే పడబోయాను, ‘నియర్లీ ఫిఫ్టీ’ అంటే 50కి కాస్త తక్కువ.

స్నేహితుల విషయంలో ‘క్లోజ్ ఫ్రెండ్’ అని మనం ఇప్పటికే సరిగ్గా అంటున్నాం, కాకపోతే పలికేటప్పుడు చివర ‘స్’ వినపడాలి, ‘జ్’ అంటే తలుపు మూయడం అవుతుంది. చోటు గురించైతే ‘క్లోస్’ తర్వాత ‘టు’ తప్పనిసరి: ‘క్లోస్ టు ద స్టేషన్.’

ఇంటిపని, నోటితో గట్టిగా చెప్పి తర్వాత రాయండి: నా బండి తాళాలు అన్నయ్య దగ్గర ఉన్నాయి. మా ఊరు గోదావరి దగ్గర. ఈ పుస్తకం వాళ్ళ దగ్గర కొన్నా. పిన్ని దగ్గరికి వెళ్తున్నా. రైతుబజారు దగ్గర కలుద్దాం. చివరిదానికి రెండు జవాబులు రావచ్చు, ఏది ఎప్పుడో కూడా పక్కన రాసుకోండి. వచ్చే పాఠంలో వీటి జవాబులు, ఆ తర్వాత ‘బిసైడ్’, ‘ఆపోజిట్’.