వానలకు ముందు బాడుగ ఇల్లు: నెల్లూరు ఓనర్లు చూసుకోవాల్సినవి

నెల్లూరుకు అసలు వాన జూన్, జూలైలో రాదు. మనది ఈశాన్య రుతుపవనాల వాన. అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు దాకా ఒకదాని వెనక ఒకటి వాయుగుండాలు వస్తూనే ఉంటాయి. రెండు మూడు పోర్షన్లు బాడుగకిచ్చుకున్నవాళ్లకు గొడవలు ముదిరేదీ ఈ నెలల్లోనే. మిద్దె ఉరుస్తోందని బాడుగకున్నవాళ్లు ఫోన్ చేస్తారు, వాన తగ్గాక చూద్దామని మనం అంటాం. అప్పటికి పిల్లల పుస్తకాలు తడిసిపోయి ఉంటాయి. ఒకటో తారీఖున బాడుగ తగ్గించి ఇస్తారు, మాటా మాటా పెరుగుతుంది. సెప్టెంబరులోనే నాలుగు పనులు చేయిస్తే ఇందులో చాలావరకు రాకుండా ఆపొచ్చు.

ముందు మీరే మిద్దె ఎక్కండి, మేస్త్రీని పంపి ఊరుకోవద్దు. తూముల్లో ఆకులు, పావురాల ఈకలు తీయించండి. అనుమానం ఉన్న మూలలో రెండు బకెట్ల నీళ్లు పోసి, అవి తూము వైపు పోతున్నాయా, అక్కడే నిలబడుతున్నాయా చూడండి. ఎక్కువ ఇళ్లలో నీళ్లు దిగేది పిట్టగోడ, మిద్దె కలిసే సందులో. అక్కడ సిమెంటు వేలితో గీకితే పొడిగా రాలుతుంటే, పైన ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ రంగు వేసినా నిలవదు. ఆ సందును కొట్టించి మళ్లీ పూడిపించాలి. పిట్టగోడ పగుల్లో చిన్న రావి మొక్క కనిపిస్తే పైన తుంచేసి వదలొద్దు, వేరుతో సహా తీయించండి. లేకపోతే వచ్చే ఏడాదికి పగులు ఇంకా వెడల్పవుతుంది.

తర్వాత కింద పోర్షన్‌లోకి వెళ్లి, వాళ్ల అనుమతితోనే, పైకప్పు చూడండి. చెమ్మ మరక ఒక్కటే ఉంటే కొంత ఆగొచ్చు. పెచ్చు ఊడి కమ్మీ తుప్పు పట్టి కనిపిస్తుంటే ఆగకూడదు. ఆ పెచ్చు మంచం మీద పడితే జరిగే నష్టం ఏ బాడుగతోనూ తీరదు.

కరెంటు విషయంలో పిసినారితనం అసలు వద్దు. మీటరు బోర్డు మీద వాన జల్లు పడకుండా చూసుకోవాలి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. తడి గోడకు షాక్ వచ్చే పాత ఇళ్లలో ప్రాణం కాపాడేది అదే.

ఇక మనుషుల సంగతి. ఏ రిపేరు ఎవరిదో వానలకు ముందే మాట్లాడుకుని వాట్సాప్‌లో రాసి పెట్టుకోండి. మిద్దె, గోడలు, పైపులైను ఓనరువి. బల్బులు, కుళాయి వాషర్ల లాంటివి బాడుగకున్నవాళ్లవి. మోటారు దగ్గరే తగాదా వస్తుంది కాబట్టి దాన్ని విడిగా తేల్చుకోండి. ఓనరు చేయించాల్సిన రిపేరును, చెప్పినా తగిన సమయంలో చేయించకపోతే, బాడుగకున్నవాళ్లే చేయించుకుని ఆ ఖర్చు బాడుగలో పట్టుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. అందుకని వాళ్లు బాడుగ తగ్గించి ఇస్తే వెంటనే కోపం తెచ్చుకోకుండా బిల్లు అడిగి చూడండి.

బాడుగ బాకీ పడినవాళ్లతో రెండో నెలలోనే కూర్చుని మాట్లాడాలి. మొహమాటపడి అడ్వాన్స్ మొత్తం కరిగిపోయేదాకా ఆగితే చేతిలో ఏమీ మిగలదు. అంతమాత్రాన కరెంటు పీకడం, నీళ్లు ఆపడం, తాళం వేయడం ఎంతమాత్రం చేయొద్దు. అది తప్పు, చట్టం ముందు కూడా మీరే దోషి అవుతారు. ఖాళీ చేయించాలంటే నోటీసు ఇచ్చి, వినకపోతే కోర్టు దారిలోనే వెళ్లాలి. ఇంకో సంగతి: ఆషాఢంలో, పుష్యంలో మనవైపు ఇల్లు మారేవాళ్లు తక్కువ. గడువు ఆ నెలల్లో పడకుండా చూసుకుంటే వాళ్లకు టెన్షన్ ఉండదు, మీ పోర్షన్ ఖాళీగా పడి ఉండదు.

కార్తీకంలో ఇంకో ఇల్లు కొందామనుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఎండాకాలంలో చూసిన ఇంటిని వానలో మళ్లీ చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి. 2021 నవంబరులో సోమశిల డ్యామ్ నుంచి వదిలిన నీళ్లతో పెన్నా పొంగి భగత్‌సింగ్ కాలనీ మునిగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. అలాంటి వరద అవసరం లేదు, మామూలు పెద్ద వానకే మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల కింద నీళ్లు నిలుస్తాయి. ఇల్లు మునగకపోయినా ఇంటికి చేరే దారి మునుగుతుందేమో చూడాలి. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడం వల్ల గడప కన్నా రోడ్డే ఎత్తయిన ఇళ్లు పాత వీధుల్లో ఉన్నాయి. అమ్మేవాళ్లను కాదు, ఎదురింటివాళ్లను అడగండి, 2021లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

లెక్క కూడా చూసుకోండి. 50 లక్షల ఇంటికి నెలకు 12 వేలు బాడుగ వస్తే ఏడాదికి 1,44,000. నూటికి మూడు రూపాయలు కూడా కాదు. రిజిస్ట్రేషన్ ఖర్చు నూటికి ఏడున్నర, అంటే 3,75,000. రెండున్నరేళ్ల బాడుగ అక్కడికే సరిపోతుంది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ఒక శాతం పన్ను (టీడీఎస్) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత కూడా కొనేవాళ్లదే. స్థలం ధర పెరుగుతుందని కొనేటట్లయితే సరే, బాడుగతోనే బ్యాంకు కంతు కడదామనుకుంటే మాత్రం వద్దంటాను.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయించడం, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) చూడడం, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడడం అందరికీ తెలిసినవే. చాలామంది మరిచిపోయేది ఇంట్లో ఉన్నవాళ్లతో మాట్లాడడం. వాళ్లు నెల బాడుగకు ఉన్నారా, భోగ్యానికి ఉన్నారా అని నేరుగా అడగండి. ఓనరుకు కొన్ని లక్షలు ఒకేసారి ఇచ్చి బాడుగ లేకుండా ఉండే భోగ్యాన్ని మామూలు స్టాంపు పేపరు మీద రాసుకుని ఉంటే అది ఈసీలో కనపడదు. డబ్బు తిరిగి చేతికి రానిదే వాళ్లు కదలరు, వాళ్లను తప్పుపట్టలేం కూడా. బాడుగకే ఉంటే వాళ్లిచ్చిన అడ్వాన్స్ ఎంతో కాగితం చూసి, ఆ మొత్తాన్ని అమ్మేవాళ్ల దగ్గర ధరలో తగ్గించుకోండి. రేపు దాన్ని తిరిగి ఇవ్వాల్సింది మీరే. రిజిస్ట్రేషన్ రోజునే పాత ఓనరు చేత, ఇక నుంచి బాడుగ ఫలానావాళ్లకు కట్టండని ఒక ఉత్తరం రాయించి వాళ్ల చేతికిప్పించండి. అమ్మిన సంగతి తెలియక పాత ఓనరుకు కట్టిన బాడుగ చెల్లినట్టే లెక్క, దాన్ని మళ్లీ అడిగే హక్కు మీకుండదు.