పుట్టుమచ్చలు చూసుకునేటప్పుడు అరికాళ్లు మరవకండి

పుట్టుమచ్చల్లో దాదాపు అన్నీ ప్రమాదం లేనివే. పట్టించుకోవాల్సింది మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ని. మన ఒంటిరంగు వాళ్లలో అది అరుదు. కానీ వచ్చిందంటే ఎక్కువగా ఎండ తగలని చోటే: అరికాల్లో, అరచేతిలో, గోటి కింద. 1981లో చనిపోయిన గాయకుడు బాబ్ మార్లేకి అది మొదలైంది కాలి బొటనవేలి గోటి కిందే.

నెలకోసారి స్నానమయ్యాక పగటి వెలుతురులో పాదాన్ని రెండో మోకాలి మీద పెట్టుకుని మడమ, అరికాలు, వేళ్ల సందులు చూడండి. గోరింటాకు, పారాణి, నెయిల్ పాలిష్ పెట్టుకోకముందే చూడాలి, పెట్టాక ఏదీ తెలియదు. వీపు, మాడు ఇంట్లోవాళ్లు చూడాలి.

మచ్చలో ఒక సగం రెండో సగంలా లేకపోవడం, అంచు గజిబిజిగా ఉండడం, రెండు మూడు రంగులు కలవడం, 6 మిల్లీమీటర్లు దాటడం అనుమానించాల్సిన గుర్తులు. వీటన్నిటికన్నా ముఖ్యం మార్పు. కొత్తగా పెరుగుతున్నా, రక్తం కారుతున్నా కొలతతో పనిలేదు, చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మిగతా మచ్చలకి పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి ఉంచుకుంటే తర్వాత పోల్చుకోవచ్చు.

గోళ్ల దగ్గరే చాలామంది పొరబడతారు. చాలా గోళ్లకి సన్నటి గోధుమరంగు గీతలుండడం మనలో మామూలే. ఒక్క గోటికే గీత వచ్చి, 3 మిల్లీమీటర్లు దాటి వెడల్పవుతున్నా, నలుపు గోటి మొదట్లోని చర్మానికి పాకినా ఆగకండి. దెబ్బకి గడ్డకట్టిన రక్తమైతే గోరుతోపాటే ముందుకు జరుగుతుంది. కాలిగోరు నెలకి పెరిగేది మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ, కాబట్టి రెండు మూడు నెలలకి మొదట్లో మచ్చలేని గోరు కనిపించాలి. అరికాల్లో మానని పుండుని ఆనెకాయనో షుగరు పుండనో ఏళ్లతరబడి కట్లు కట్టించుకునేవాళ్లూ ఉన్నారు, దానికీ పరీక్ష కావాలి.

సున్నం, సోడా కలిపి రాయడం, పార్లర్లో లేజర్‌తో కాల్పించడం దయచేసి వద్దు. మచ్చ పైకి పోతుంది, లోపల మిగిలింది పెరుగుతూనే ఉంటుంది. పైగా మెలనోమా చికిత్స అది చర్మంలోకి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందన్న దాన్నిబట్టి ఉంటుంది. కాల్చేస్తే ఆ లోతు కొలవలేరు. 1 మిల్లీమీటరు లోపే ఉండగా దొరికితే చాలామందికి కోసి తీసేయడంతోనే నయమవుతుంది.

కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్నది అపోహ. అనుమానం ఉన్న మచ్చని వీలైనంతవరకు చుట్టూ సుమారు 2 మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా, మత్తు సూది ఇచ్చి మొత్తంగా తీస్తారు. తీసిన ముక్కని బయాప్సీకి పంపుతున్నారా అని మీరే అడగండి, ఆ రిపోర్టు దాచుకోండి.