రేంజిలో అనుమానపు తూటాలు, మంట పుట్టే చోట్లు ఎలా కనిపెట్టాలి

రోహిణి కార్తెలో గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల గడ్డి ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. అలాంటి గడ్డి పక్కన కాల్పుల ప్రాక్టీసు పెట్టుకునేవాళ్లలో చాలామంది "మనం ట్రేసర్లు (వెళ్లే దారి కనిపించేలా వెనక మండుతూ పోయే బుల్లెట్లు) వాడట్లేదుగా, మంటెందుకు వస్తుంది" అనే ధీమాతో ఉంటారు. ఆ ధీమా తప్పు. 2013లో అమెరికా అటవీ శాఖ పరిశోధకులు మామూలు రైఫిల్ బుల్లెట్లని ఉక్కు పలక మీదికి కాల్చి, ముక్కలు పడే చోట బాగా ఎండిన పీట్ (కుళ్లిన నాచు, మొక్కల పొడి) పోసి చూశారు. ముక్కల వేడి 550 నుంచి 790 డిగ్రీల సెల్సియస్ దాకా వచ్చింది, పీట్ అంటుకుంది. లోపల ఉక్కు ఉన్నవి, మొత్తం రాగితో చేసినవి ఎక్కువగా అంటించాయి, సీసం బుల్లెట్లు తక్కువ. కాబట్టి చూడాల్సినవి రెండు: చేతిలో ఉన్న రౌండు (అంటే తూటా) ఏంటి, అది వెళ్లి దేనికి తగులుతుంది.

ముందు రౌండు సంగతి. సైన్యాలు వదిలించుకున్న పాత సరుకుని సర్‌ప్లస్ అంటారు. అమెరికాలో ఇది డబ్బాల లెక్కన దొరుకుతుంది, అక్కడ పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు సరదాగా రేంజికి వెళ్లేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఇక్కడ బజార్లో దొరకదు కానీ తాతగారి ట్రంకు పెట్టెలోనో, రేంజి స్టోర్లో ఓ మూల డబ్బాలో కలిసిపోయిన విడి రౌండ్లలోనో బయటపడుతుంది. సీలు ఉన్న డబ్బా, దాని మీద అచ్చేసిన రకం, లాట్ నంబరు ఉంటే సగం పని అయిపోయినట్టే. విడిగా దొరికిన రౌండుని మాత్రం "ఏమో" అనే లెక్కలోనే ఉంచండి.

అందరూ మొదట చూసేది బుల్లెట్ మొన మీద రంగు. చూడండి, కానీ దాంతోనే తేల్చేయకండి, ఎందుకంటే ఒకే రంగుకి దేశాన్ని బట్టి అర్థం మారిపోతుంది. కింద వచ్చే 5.56, 7.62×39, .30-06, .303 లాంటివి తూటాల సైజుల పేర్లు. ఆకుపచ్చ మొన ఉన్న అమెరికన్ 5.56 ఎం855లో ఉండేది చిన్న ఉక్కు ములుకు, అది ట్రేసర్ కాదు. అదే ఆకుపచ్చ సోవియట్ 7.62×39 మీద ఉంటే ట్రేసర్. వెండి రంగు ఇంకా ప్రమాదం: రష్యన్ 7.62×54ఆర్ మీద అది మామూలు బాల్ రౌండు, అమెరికన్ .30-06 మీద అదే రంగు కవచాన్ని చీల్చి నిప్పు పెట్టే రకం. .30-06లోనే నీలం మొన నిప్పు పెట్టేది, నల్లది కవచాన్ని చీల్చేది, ఎరుపు లేదా నారింజ ట్రేసర్. సోవియట్ 7.62×39లో ఎరుపు మొన నిప్పు పెట్టేది, నలుపు కింద ఎర్ర పట్టీ ఉంటే రెండు పనులూ చేసేది. పైగా పాత రౌండ్ల మీద పెయింటు రాలిపోయి ఉండొచ్చు. రంగు లేదంటే మామూలు రౌండే అని అనుకోవద్దు.

మన దగ్గర ఎక్కువగా బయటపడేది .303. పోలీసులు, ఎన్‌సీసీ వాళ్లు ఏళ్ల తరబడి వాడిందే కదా. దీనికి మొన కంటే అడుగు చూడటం ముఖ్యం. క్యాప్ (అడుగు మధ్యలో తుపాకీ సూది కొట్టే చిన్న బిళ్ల) చుట్టూ ఉండే సన్నటి రింగు బ్రిటిష్ పద్ధతిలో ఊదా అయితే మామూలుది, ఎరుపు ట్రేసర్, ఆకుపచ్చ కవచాన్ని చీల్చేది, నీలం నిప్పు పెట్టేది. అడుగున కొట్టిన అక్షరాల్లో జీ ఉంటే ట్రేసర్, డబ్ల్యూ ఉంటే కవచాన్ని చీల్చేది, బీ ఉంటే నిప్పు పెట్టేది. కేఎఫ్ అని ఉంటే అది పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీ సరుకు, అంతే, రకం గురించి అది ఏమీ చెప్పదు. ఇంకో చిక్కు ఏంటంటే, తూర్పు యూరప్ సరుకులో మెడ (బుల్లెట్ ఇరికించిన చోటు) దగ్గరా క్యాప్ చుట్టూ తేమ పోకుండా ఎర్ర లక్క పూస్తారు, అది ట్రేసర్ గుర్తు కాదు.

అయస్కాంతం కూడా పనికొస్తుంది, బుల్లెట్ దానికి అతుక్కుంటే లోపల ఉక్కు ఉండొచ్చు. పైపొర మాత్రమే ఉక్కుతో చేసి రాగి పూత వేసినా అతుక్కుంటుంది. తేడా తెలుసుకోవాలని బుల్లెట్ పీకడం, గీకడం, కోయడం మాత్రం వద్దు. ట్రేసర్ మందు బుల్లెట్ వెనక భాగంలో ఉంటుంది, అందులో మెగ్నీషియం ఉంటుంది. అనుమానం తీరకపోతే ఆ రౌండు కాల్చకండి, అంతకంటే పరీక్షలు అనవసరం.

రకం సరిపోయినా స్థితి చూడాలి. ఇత్తడి మీద పచ్చ చిలుము, మెడ దగ్గర పగులు, చేత్తో తిప్పితే కదిలే బుల్లెట్, ఉబ్బిన పాత కాగితపు 12 బోర్ తూటా, వీటిలో ఏది కనిపించినా పక్కన పెట్టేయండి. విడిగా ఉన్న తుపాకీ మందు డబ్బా మూత తీయగానే ఘాటైన యాసిడ్ వాసన, ఎర్రటి దుమ్ము లేదా పొగ కనిపిస్తే మందు చెడిపోతున్నట్టే, అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. ఎండలో ఆపిన కారు డిక్కీలో తూటాలు ఉంచొద్దు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే తుపాకీ మొన టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. శబ్దం మామూలు కంటే తక్కువగా టప్ మంటే ఇక కాల్చకండి, బుల్లెట్ బ్యారెల్లోనే ఇరుక్కుని ఉండొచ్చు.

ఇప్పుడు రేంజి. కాల్చే ముందు టార్గెట్ వెనక మట్టి కట్ట దాకా నడిచి వెళ్లి చూడండి. మట్టిలోంచి తేలిన రాళ్లు, పాత ఇనుప పలకలు, కట్ట మీద ఎండు గడ్డి, పక్కన పారేసిన అట్టలు, థర్మోకోల్, చెక్క ఫ్రేములు, ఇవే కొంపముంచేవి. రాళ్లు ఏరేయాలి, గడ్డి కోసి అక్కడే వదలకుండా ఎత్తి బయట పడేయాలి, ఎండాకాలంలో పొద్దున్నే కట్టని తడపాలి. గాలి విసురుగా ఉన్న మధ్యాహ్నం ప్రాక్టీసు మానేయడం మంచిది. బీడీ, సిగరెట్ సంగతి చెప్పక్కర్లేదు కదా. నీళ్ల బకెట్లు, ఇసుక బకెట్లు టార్గెట్ దగ్గరా కాల్చే చోటా రెండు చోట్లా ఉండాలి, ఆఫీసు గదిలో తాళం వేసి కాదు. కాల్పులు అయిపోగానే వెళ్లిపోకుండా గంటసేపు ఒక మనిషిని కట్ట వైపు చూస్తూ ఉండమనండి, గడ్డి దుబ్బుల్లో నిప్పు లోలోపల రాజుకుని తర్వాత లేస్తుంది.

ఇండోర్ రేంజిలో ప్రమాదం వేరు. ప్రతి షాట్‌తోనూ కాలని మందు కొద్దిగా ముందుకి రాలుతుంది. అది నేల మీద, గోడల ఫోములో, కార్పెట్‌లో పేరుకుంటుంది. పొడి చీపురుతో ఊడవడం, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ పెట్టడం రెండూ వద్దు: చీపురుతో సీసం దుమ్ము లేస్తుంది, వాక్యూమ్ మోటార్ నిప్పురవ్వ మందుని అంటిస్తుంది. తడి మాప్ వాడండి, లేదా పేలుడు ప్రమాదం ఉన్న చోట్ల కోసమే తయారైన వాక్యూమ్ తెప్పించండి. ఎత్తిన చెత్తని తడిపి, మామూలు చెత్తలో కలపకుండా విడిగా బయట ఉంచాలి. బుల్లెట్లని ఆపడానికి రబ్బరు ముక్కలు నింపిన చోట ట్రేసర్‌నీ, ఉక్కు ఉన్న రౌండునీ అస్సలు అనుమతించకూడదు, రబ్బరు అంటుకుంటే ఆ పొగలో నిలబడి ఆర్పడం మీ వల్ల కాదు. మందు అంటుకున్నా అంతే. దానికి కావాల్సిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది కాబట్టి దుప్పటి కప్పితే ఆరదు. అందర్నీ బయటికి పంపి 101కి ఫోన్ చేయండి.

ట్రంకు పెట్టెలో లైసెన్సు లేని తూటాలు దొరికితే జేబులో వేసుకుని స్టేషన్‌కి బయల్దేరకండి. అక్కడే ఉంచి, పిల్లల్ని దూరంగా పెట్టి 112కి ఫోన్ చేసి చెప్పండి, పోలీసులే వచ్చి తీసుకెళ్తారు. లైసెన్సు ఉన్న పెద్దాయన పోయాక మిగిలినవైతే ఆయుధాల చట్టం 1959లోని 21వ సెక్షన్ కింద దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. ముందు ఫోన్ చేసి ఎలా తేవాలో అడగండి, జమ చేసినట్టు రసీదు తీసుకోండి.