తాతయ్య పనిచేసిన ఓడ చరిత్ర ఎలా వెతకాలి

మీ ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున పాత నేవీ ఫొటో ఉంటే, ముందు భూతద్దం పెట్టి టోపీ రిబ్బన్ చూడండి. మా తాతయ్య ఫొటోలో ‘హెచ్ఎంఐఎస్ (హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్) ఢిల్లీ’ అని ఉంది. నేను తొందరపడి హెచ్ఎంఎస్ ఢిల్లీ గురించి వెతికి, నెల్లాళ్లు నోట్సు రాసుకున్నాను. తీరా చూస్తే అది వేరే ఓడ, 1918లో నీటికి దిగిన బ్రిటిష్ క్రూయిజర్ (వేగంగా వెళ్లే యుద్ధనౌక). తాతయ్య దాన్ని ఎక్కనే లేదు.

అందుకే మొదట ఓడ పుట్టింటి పేరు కనుక్కోండి. మన ఢిల్లీ పుట్టింటి పేరు అకిలీస్. 1932లో ఇంగ్లండ్‌లోని బిర్కెన్‌హెడ్‌లో నీటికి దిగిన లియాండర్ తరగతి లైట్ క్రూయిజర్. 1948 జులై 5న మన నేవీలోకి వచ్చి హెచ్ఎంఐఎస్ ఢిల్లీ అయింది, 1950 జనవరి 26న ఐఎన్ఎస్ ఢిల్లీ. అంటే తాతయ్య ఫొటో ఆ ఏడాదిన్నరలో తీసిందే. ఓడ ఫొటో దొరికితే పక్కన రాసిన నంబరూ చూడండి. సి74 అయితే ఇది. డి61 అయితే 1997లో వచ్చిన డిస్ట్రాయర్, పేరొక్కటే ఒకటి.

తర్వాత టరెట్లు లెక్కపెట్టండి. ఫిరంగులు జంటగా బిగించిన ఆ ఉక్కు గదులు అకిలీస్‌కి మొదట నాలుగు: ముందు ఎ, బి, వెనక ఎక్స్, వై. 1943 జనవరి 5న పసిఫిక్ సముద్రంలోని గ్వాడల్‌కెనాల్ దీవి దగ్గర జపాన్ విమానం వేసిన బాంబు ఎక్స్ టరెట్ మీద పడి 13 మంది చనిపోయారు. పోర్ట్స్‌మత్‌లో రిపేరు చేసినప్పుడు దాన్ని తీసేశారు. కాబట్టి నాలుగు కనిపిస్తే అంతకు ముందుది, మూడే ఉంటే తర్వాతది. ఆ ఖాళీ చోటు చూసినప్పుడల్లా నాకు ఆ 13 మందే గుర్తొస్తారు.

మనుషుల వెంట కూడా వెళ్లండి. 1939 డిసెంబర్ 13న దక్షిణ అమెరికా తీరంలో రివర్ ప్లేట్ దగ్గర అకిలీస్, అజాక్స్, ఎక్సెటర్ కలిసి జర్మన్ల యుద్ధనౌక గ్రాఫ్ ష్పేతో తలపడ్డాయి. అకిలీస్‌లో నలుగురు పోయారు. అప్పటి కెప్టెన్ ఎడ్వర్డ్ ప్యారీయే 1948 నుంచి 1951 వరకు మన నేవీకి అధిపతి. తన పాత ఓడ తన చేతి కిందికే వచ్చిందన్నమాట! ఓడ పేరుతో దొరకని విషయాలు ఇలా కెప్టెన్ పేరుతో దొరుకుతాయి.

బ్రిటిష్ నేవీ లాగ్‌బుక్కులు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడీఎం 53 వరుసలో ఉంటాయి. వాటిలో కథలుండవు. దిక్కు, వేగం, గాలి, ఎక్కడ లంగరు వేశారు, అంతే. తేదీలు సరిచూసుకోవడానికి మాత్రం అంతకు మించింది లేదు.

మన దగ్గరి ముప్ఫై ఏళ్లు వదిలేయకండి. 1950లో నెహ్రూ ఇండోనేషియా వెళ్లింది ఈ ఓడ మీదే. 1961లో డయ్యూ దగ్గర పోర్చుగీసువాళ్లతో జరిగిన పోరులో ఉంది. 1978 జూన్ 30న సేవ ముగించింది. వై టరెట్ ఇప్పటికీ న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ డెవన్‌పోర్ట్ నేవీ స్థావరం దగ్గర ఉంది.

ఇదంతా తేలాక ఫొటో వెనక పేరు, ఓడ రెండు పేర్లు, ఏడాది రాసిపెట్టండి. పెన్నుతో వద్దు, సిరా ముందువైపుకి ఊరుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా రాయండి.