రోజూ పరిగెత్తినా స్పీడ్ పెరగట్లేదా? ముందు మీ రెస్ట్‌కి వాచీ పెట్టండి

సమస్య: పోలీస్ ఉద్యోగ పరీక్షలో ఉండే 1600 మీటర్ల పరుగులో (నాలుగు రౌండ్లు) మూడో రౌండ్‌కే కాళ్లు బరువెక్కుతున్నాయి.
మొదటి రౌండ్ గుంపుతో పాటు ఉరికారు, అంతే. ఏడు నిమిషాల్లో ముగించాలంటే రౌండ్‌కి 105 సెకన్లు. మొదటిదీ అంతే, చివరిదీ అంతే. వారం రోజులు ఇలా పరిగెత్తి చూడండి.

సమస్య: నెలల తరబడి 100 మీటర్ల టైమింగ్ తగ్గట్లేదు, లాంగ్ జంప్ అక్కడే ఆగింది.
నన్ను బాగా దెబ్బకొట్టింది ఇదే. ఉస్మానియా గ్రౌండ్‌లో పోలీస్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే పిల్లల్లో రోజూ చూస్తుంటాను. బూట్లు మారుస్తారు, ప్రోటీన్ పౌడర్ కొంటారు. రెండు పరుగుల మధ్య ఎంతసేపు ఆగుతున్నారో మాత్రం ఎవరూ చూసుకోరు.

చికెన్ షాపులో లెగ్ పీస్ ముదురు రంగులో, బ్రెస్ట్ తెల్లగా ఉంటాయి కదా. కోడి రోజంతా నడుస్తుంది, రెక్కలు ఎప్పుడో ఒక్క క్షణం కొడుతుంది. మన కండరాల్లోనూ అలాంటి రెండు రకాల తంతువులు కలిసే ఉంటాయి. స్లో ట్విచ్ తంతువులు త్వరగా అలసిపోవు. ఫాస్ట్ ట్విచ్‌వి బలంగా, వేగంగా లాగుతాయి, కానీ కొద్ది సెకన్లకే నీరసిస్తాయి. శరీరం ముందు స్లో వాటినే పనిలోకి దింపుతుంది. మీరు పూర్తి బలం పెడితేనే ఫాస్ట్ వాటన్నిటి వంతూ వస్తుంది.

ఆ పేలుడు బలానికి ఇంధనం కండరంలోనే కొద్దిగా నిల్వ ఉండే ఫాస్ఫోక్రియేటిన్ అనే పదార్థం. ఖర్చయిన దాంట్లో దాదాపు సగం అర నిమిషంలో తిరిగి వస్తుంది. పూర్తిగా నిండాలంటే మూడు నుంచి ఐదు నిమిషాలు కావాలి. నలభై సెకన్లకే మళ్లీ ఉరికితే మూడో పరుగుకే వేగం పడిపోతుంది. అక్కడి నుంచి పెరిగేది స్టామినా, స్పీడ్ కాదు. చెమట పడుతుంది, ఆయాసం వస్తుంది, గట్టిగా కష్టపడ్డామన్న తృప్తి ఉంటుంది. అందుకే ఈ తప్పు దొరకదు.

నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి జంప్ నాలుగు నెలలు కదల్లేదు. రనప్ మార్చాను, తిండి మార్చాను. ఒకరోజు రనప్ కోసం తీసిన వీడియో ఆపడం మర్చిపోయాం. ఇంటికెళ్లి చూస్తే ప్రతి స్ప్రింట్‌కీ మధ్య గ్యాప్ నలభై, యాభై సెకన్లు. అన్ని రోజులూ నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ పిల్లవాడి నాలుగు నెలలు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

పరిష్కారం: బాగా వార్మప్ చేసి, 40 మీటర్లు పూర్తి వేగంతో ఆరుసార్లు. ప్రతిసారీ నాలుగు నిమిషాలు వాచీ చూసి ఆగండి, మెల్లగా నడవండి. పక్కవాడు మళ్లీ బయల్దేరాడని మీరు కదలొద్దు. మొదటి టైమ్ కంటే 0.2 సెకన్లు ఎక్కువ పట్టిందంటే ఆ రోజుకి చాలు. వారానికి రెండుసార్లే, మధ్యలో కనీసం రెండు రోజులు. 1600 పరుగు వేరే రోజు పెట్టుకోండి, కుదరకపోతే స్ప్రింట్‌ల తర్వాతే చేయండి. మే నెలలో పొద్దున ఆరు గంటల లోపే మొదలుపెట్టాలి, లేదంటే రెస్ట్ కూడా ఎండలోనే గడుస్తుంది.

మిగతావి
మీ ఒంట్లో స్పీడ్ పుట్టుకతోనే ఉందో లేదో చెప్తామనే స్ప్రింట్ జీన్ టెస్టులకి డబ్బు పెట్టకండి, ఫలితం ఏదొచ్చినా ప్రాక్టీస్ ఇదే. మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే, ముఖ్యంగా అమ్మాయిలు, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. తొడ వెనక ఒకేచోట చురుక్కుమంటే ఆ పరుగు అక్కడే ఆపేసి ఫిజియోకి చూపించండి.