జింకల వేట కాలంలో అమెరికా అడవుల్లో నడిచే బెంగళూరు తెలుగువారికి

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల తెలుగువారిలో వారాంతానికి సావనదుర్గమో స్కందగిరియో ఎక్కివచ్చే అలవాటున్నవారు చాలామందే ఉన్నారు. వారిలో ప్రాజెక్టు పని మీదనో, పిల్లలను చూడడానికో అమెరికా వెళ్లినవారు అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకులు రంగు మారే వేళ అక్కడి అడవుల్లో నడవాలని ముచ్చటపడతారు. జింకల వేట కాలం కూడా సరిగ్గా అదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో పెరిగిన మనకు తుపాకీతో అడవిలోకి వచ్చినవాడంటే దొంగవేటగాడే. అక్కడ అతను లైసెన్సు తీసుకుని, నిర్ణయించిన తేదీల్లో, అనుమతించిన మేరకే వేటాడే మామూలు పౌరుడు. అతన్ని చూసి భయపడనక్కరలేదు గాని, మనం జింకలం కామని అతనికి దూరం నుంచే తెలిసేలా నడుచుకోవాలి. ఇందుకోసం ఇక్కడి అడవులు మనకు నేర్పిన అలవాట్లను చాలావరకు తలకిందులు చేసుకోవలసి ఉంటుంది.

ముందుగా బట్టల సంగతి. బందీపురం వంటి చోట్లకు వెళ్లేటప్పుడు ఖాకీ, మట్టి రంగు, ముదురాకుపచ్చ బట్టలు వేసుకోవడం మన పద్ధతి. అలా కొనుక్కున్న ఆలివ్ రంగు జాకెట్టుతోనే నేను పెన్సిల్వేనియాలో ఒక సాయంత్రం నడుస్తుండగా, ఎదురుపడిన పెద్దాయన ఒకరు తన సంచిలోంచి నారింజ రంగు టోపీ తీసి నా చేతిలో పెట్టి, ఇది లేకుండా మళ్లీ రావద్దని చెప్పి వెళ్లిపోయారు. ఆ రంగును అక్కడ బ్లేజ్ ఆరెంజ్ అంటారు. జింక కంటికి అది ఆకుపచ్చకు భిన్నంగా కనబడదు, మనిషి కంటికి మాత్రం అల్లంత దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకే వేటగాళ్లు సైతం దాన్నే ధరిస్తారు. పెన్సిల్వేనియాలో స్టేట్ గేమ్ ల్యాండ్స్ అనే వేట భూముల్లో నవంబరు 15 నుంచి డిసెంబరు 15 వరకు నడకకు వచ్చినవారు కూడా తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల మేర ఆ రంగు ధరించాలి, లేదా ఆ రంగు టోపీ అయినా పెట్టుకోవాలన్న నిబంధన ఉంది. మీరున్న రాష్ట్రంలో అటువంటి నిబంధన లేకపోయినా ఆ లెక్కనే పాటించడం మంచిదని నా అభిప్రాయం.

కాషాయ కండువా ఉంది కదా, అది చాలదా అనుకోకండి. అక్కడ పనికివచ్చేది బ్లేజ్ ఆరెంజ్‌కున్న మెరుపే. బెంగళూరులో రోడ్డు పనివారు వేసుకునే నారింజ రంగు మెరుపు చొక్కాల వంటివి సరిపోతాయి, ఎస్.జె.పి. రోడ్డు హార్డువేర్ దుకాణాల్లో అడిగి పెట్టెలో రెండు పడేసుకుంటే బరువేమీ కాదు. అయితే వీపున సంచి తగిలించుకున్న మరుక్షణం చొక్కా వెనుక భాగం కనబడకుండా పోతుంది. ఈ చిన్న విషయాన్నే చాలామంది మరచిపోతారు. చొక్కాను సంచి మీద నుంచి తొడుక్కోవాలి, లేదా సంచికే ఒక నారింజ గుడ్డ కట్టాలి. పిల్లలకు, వెంట వచ్చే కుక్కకు కూడా ఆ రంగు తప్పనిసరి.

తెలుపును పూర్తిగా మానుకోవాలి. అక్కడ ఎక్కువగా వేటాడేది తెల్లతోక జింకను. అది బెదిరినప్పుడు తోక పైకెత్తుతుంది, తోక అడుగుభాగం తెల్లగా తళుక్కుమంటుంది. పొదల మధ్య నాన్నగారి తెల్ల పంచె అంచో, జేబులోంచి తీసిన తెల్ల రుమాలో ఒక్క క్షణం కదిలితే ఎలా కనిపిస్తుందో ఊహించుకోండి. చలికి మన పెద్దలు వదలని గోధుమరంగు మంకీ క్యాప్ కూడా అక్కడ పనికిరాదు. అది తప్పదంటే దాని మీద నారింజ టోపీ పెట్టించండి.

రెండో అలవాటు వేళకు సంబంధించినది. నంది కొండ మీద సూర్యోదయం చూడాలని తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరే మనం అక్కడ ఆ పని చేయకూడదు. జింకలు ఎక్కువగా తిరిగేది తొలిపొద్దు, మలిపొద్దు వేళల్లోనే. చాలా రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చడానికి అనుమతి ఉంటుంది. ఉదయం పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటికల్లా కారు దగ్గరకు చేరేలా దారిని ఎంచుకోండి. నవంబరు మొదటి ఆదివారం చాలా రాష్ట్రాల్లో గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు కనుక, ముందువారం ఆరింటికి చీకటిపడిన చోట ఆ వారం ఐదింటికే పడుతుంది.

తేదీలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. మిషిగన్‌లో తుపాకీ వేట నవంబరు 15 నుంచి 30 వరకు సాగుతుంది. విస్కాన్సిన్‌లో, నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులుంటుంది. టెక్సస్‌లో నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. విల్లంబుల వేట చాలాచోట్ల అంతకుముందే మొదలవుతుంది. ఆదివారం వేట ఉండదని స్నేహితులెవరైనా చెబితే అంతటితో నమ్మకండి. మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో ఆ నిషేధం ఉన్నమాట నిజమే గాని, పెన్సిల్వేనియాలో 2025లో దాన్ని ఎత్తివేశారు. ఆ ఏటి తేదీలను ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ వెబ్‌సైటులోనే చూసుకోవాలి. నేషనల్ పార్కు, నేషనల్ ఫారెస్టు ఒకటేనన్న పొరపాటు మనవారిలో తరచుగా వినిపిస్తుంది. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ వంటి నేషనల్ పార్కులో వేట నిషిద్ధం. నేషనల్ ఫారెస్టుల్లో సాధారణంగా అనుమతి ఉంటుంది. పెద్దలతో, పిల్లలతో వెళ్లేవారు ఆ కొద్ది వారాలు వేట లేని చోటునే ఎంచుకుంటే ఇన్ని జాగ్రత్తల అవసరమే రాదు.

ఇక మాటలు. ఏనుగులున్న అడవిలో నోరు మూసుకుని నడవడం నేర్చుకున్నాం. అక్కడ మాత్రం మాట్లాడుకుంటూనే నడవాలి, గుర్తులు వేసిన దారిని వదిలి అడ్డదారులు తొక్కకూడదు. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు. దగ్గరలో తుపాకీ మోత వినబడితే పొద వెనుక నక్కకండి, అలా నక్కి కదిలినది ఏమిటో అవతలివాడికి తెలియదు. దారి మీదే నిలబడి గట్టిగా కేకవేయండి లేదా ఈల ఊదండి. వేటగాడు కనిపిస్తే ఒక పలకరింపు చాలు, అతను చూశాడని రూఢి చేసుకుని ముందుకు సాగండి. జింకలను కాపాడాలన్న జాలితో కావాలని చప్పుళ్లు చేసి అతని వేటను చెడగొట్టడం అక్కడ నేరం. అలాంటి చట్టాలు మొత్తం 50 రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.