మోకాళ్లు పోయిన జీన్స్‌ని నిక్కరు చేసుకోవడం ఎలా

మోకాళ్ల దగ్గర చిరిగిపోయి నడుము దగ్గర మాత్రం ఇంకా దిట్టంగా ఉన్న జీన్స్ మీ బీరువాలో కూడా ఒకటి ఉండే ఉంటుంది. పారేయడానికి మనసొప్పదు, అలాగే వేసుకుని గంటస్తంభం దాకా వెళ్లాలంటే మొహమాటం. మే నెలలో విజయనగరం ఉక్కపోతకి ఫుల్ జీన్స్ ఎలాగూ వేయలేం, దాన్ని నిక్కరు చేసేసుకోండి. మిషన్ ఉంటే గంటన్నర పని, లేకపోతే చేత్తో ఒక మధ్యాహ్నం పడుతుంది.

నేను మొదటిసారి చేసినట్టు మాత్రం చేయకండి. చింతపల్లి బీచ్‌కి బయల్దేరే రోజు పొద్దున్నే హడావిడిగా జీన్స్‌ని మంచం మీద పరిచి, నిక్కరు ఎంత పొడవు కావాలో సరిగ్గా అక్కడికే కత్తిరించేశాను. మడిచి కుట్టేసరికి ఒకటిన్నర అంగుళం లోపలికి పోయింది, ముందు జేబుల తెల్ల సంచులు కింద నుంచి తొంగి చూస్తున్నాయి. మా అమ్మ చూసి "ఏటిరా ఇది, నిక్కరా చెడ్డీయా?" అంది. ఇప్పుడు దాంతో బండి తుడుస్తున్నాను.

అందుకని ముందు జీన్స్ ఉతికి ఆరేసి, ఇస్త్రీ చేయండి. తర్వాత వేసుకుని నిలబడి ఒకసారి, కుర్చీలో కూర్చుని ఒకసారి చూసుకోండి, ఎందుకంటే కూర్చోగానే నిక్కరు పైకి జరుగుతుంది, నిలబడి పెట్టిన గుర్తు మోసం చేస్తుంది. జేబులో చెయ్యి పెట్టి అడుగు ఎక్కడిదాకా ఉందో తడిమి చూడండి, నిక్కరు అంచు దానికంటే కిందే ఉండాలి. అరిగిపోయిన సబ్బు ముక్కతో అంచు గీత గీసి, దానికి ఒకటిన్నర అంగుళం కింద ఇంకో గీత గీయండి. కత్తెర రెండో గీత మీదే పడాలి.

రెండు కాళ్లూ కలిపి ఒకేసారి కత్తిరించకండి. జీన్స్ వెనక భాగం ముందు భాగం కంటే ఎత్తుగా ఉంటుంది, నడుము పట్టీ ముందూ వెనకా కలిపి పెట్టి కోస్తే అంచు ముందొక ఎత్తులో, వెనకొక ఎత్తులో వస్తుంది. లోపలి జాయింట్ (కాలి లోపలి వైపు నిలువు కుట్టు) మీద తొడల మధ్య నుంచి, బయటి జాయింట్ మీద నడుము పట్టీ కింద నుంచి, ఏ కాలికి ఆ కాలు టేపుతో కొలిచి కోయడం మేలు.

కుట్టకుండా వదిలేసి పోగులు వేలాడితేనే స్టైల్ అనుకునేవాళ్లూ ఉన్నారు. జీన్స్ గుడ్డలో పడుగు (నిలువు పోగులు) నీలం, పేక (అడ్డం పోగులు) తెలుపు. అడ్డంగా కోసినప్పుడు ఉతికిన ప్రతిసారీ తెల్ల పేక పోగులు ఊడొచ్చేస్తుంటాయి, ఆపకపోతే అంచు పైకి పాకుతూనే ఉంటుంది. పోగులే కావాలంటే అంచుకి అరంగుళం పైన చుట్టూ ఒక కుట్టు వేయండి, అక్కడితో ఆగిపోతుంది.

నాకైతే మడతే ఇష్టం. అరంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ పెట్టి, మళ్లీ అంగుళం మడిచి ఇస్త్రీ పెట్టి, పిన్నీసులు గుచ్చండి. కిందకి సన్నబడే మోడల్ అయితే మడిచిన భాగం పై భాగం కంటే ఇరుకై పీక్కుపోతుంది. అప్పుడు బయటి జాయింట్‌ని ఆ ఒకటిన్నర అంగుళం మేర విప్పి, కిందకి వచ్చేకొద్దీ కాస్త వెడల్పు ఇస్తూ మళ్లీ కుట్టి అప్పుడు మడవండి.

అసలు తలనొప్పి లోపలి జాయింట్ దగ్గర. అక్కడ చాలా జీన్స్‌లలో గుడ్డ నాలుగు పొరలుగా ఉంటుంది, మన మడతతో మూడింతలైతే పన్నెండు పొరలు. మామూలు సూది అక్కడికి రాగానే టక్కున విరుగుతుంది. 16 నంబరు సూది వేయండి, మరీ మందం అయితే 18. పైన పాత గుడ్డ ముక్క కప్పి, ఆ బొడిపెని గడప మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేయండి, అణిగిపోతుంది. నవ్వకండి, నిజంగా పనిచేస్తుంది. మిషన్ పాదం (సూది దగ్గర గుడ్డని నొక్కి పట్టేది) బొడిపె ఎక్కేటప్పుడు వెనక భాగం కింద మడిచిన జీన్స్ ముక్క ఒకటి దోపి పాదాన్ని సమం చేసి, తొక్కడం ఆపి చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కొక్క కుట్టే దాటించండి.

కుట్టు పొడవు 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు. పసుపు-నారింజ మందం దారం దొరక్కపోతే ఆ రంగు మామూలు దారాలు రెండు ఒకే సూదిలోకి ఎక్కించండి, బాబిన్‌లో (మిషన్ కింద దారం చుట్టి పెట్టే చిన్న చక్రంలో) ఒక్కటి చాలు. సాగే గుడ్డ అయితే లాగకండి, అంచు అలలు తేలుతుంది.

మిషన్ లేనివాళ్లు రెండు పోగుల దారంతో వెనక కుట్టు వేయండి: సూది ముందుకి తీయడం, సగం వెనక్కి వచ్చి గుచ్చడం. బొడిపె దగ్గర వేలికి ఇనప తొడుగు లేకుండా తోయకండి, నా బొటనవేలు సాక్ష్యం.

మిగిలిన కాళ్లు పారేయకండి. నాలుగు పొరలు కలిపి చుట్టూ కుట్టేస్తే అన్నం గిన్నె దించడానికి మంచి మసిగుడ్డ, మా ఇంట్లో రెండున్నాయి. అచ్చం కాటన్ జీన్స్ అయితేనే సుమా, సాగే జీన్స్‌లో ఉండే ప్లాస్టిక్ లాంటి పోగు వేడికి కరుగుతుంది.